మీ ఇంట్లో రాత్రి భోజనం ఎన్నింటికి?



పేరెంట్స్ మీటింగ్‌లో మనం మార్కుల గురించి, హోంవర్క్ గురించి, బస్సు టైమింగ్స్ గురించి మాట్లాడుకుంటాం. ఈ నెల మాత్రం మిమ్మల్ని వేరే ప్రశ్న అడగాలనుంది. మీ ఇంట్లో రాత్రి భోజనం ఎన్నింటికి అవుతుంది? తిన్న ఎంతసేపటికి పడుకుంటారు?

నేను ఇంగ్లిష్ టీచర్‌ని, డాక్టర్‌ని కాదు. అయినా ఈ ప్రశ్న ఎందుకంటే, మనలో చాలామంది హ్యాండ్‌బ్యాగులో, ఆఫీసు డ్రాయర్‌లో 'గ్యాస్ మాత్రల' షీటు ఒకటి తప్పకుండా ఉంటోంది. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, గొంతులోకి చేదుగా ఎగదన్నడం... వీటన్నిటికీ మనం పెట్టుకున్న పేరు 'గ్యాస్'. నిజానికి అక్కడ ఇబ్బంది పెట్టేది గ్యాస్ కాదు, కడుపులోని యాసిడ్. అన్నవాహిక కడుపులో కలిసేచోట ఒక కండరం వాల్వులా పనిచేస్తుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, తర్వాత మూసుకోవాలి. అది వేళకాని వేళ సడలితే యాసిడ్ పైకి వస్తుంది. కడుపు లోపలి పొర ఆ యాసిడ్‌ని తట్టుకుంటుంది, అన్నవాహిక తట్టుకోలేదు. అందుకే మంట. దీన్నే యాసిడ్ రిఫ్లక్స్ అంటారు.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. ఎప్పుడో ఒకసారి పెళ్లి భోజనం తర్వాత దాదాపు అందరికీ వచ్చేదే. వారానికి ఒకసారైనా వస్తుంటే మాత్రం దాన్ని పట్టించుకోవాలి. ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ టాస్క్‌ఫోర్స్ 2011లో ప్రచురించిన సర్వేలో, మన దేశంలోని 12 కేంద్రాల్లో మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగితే, వందలో ఏడెనిమిది మందికి వారానికోసారైనా ఈ లక్షణాలున్నాయని తేలింది. ఇతర సర్వేల్లో ఈ సంఖ్య ఇంకా ఎక్కువగా కూడా వచ్చింది. నలభై మంది పిల్లలున్న ఒక సెక్షన్ తీసుకోండి. తల్లీ తండ్రీ కలిపి ఎనభై మంది. అందులో కనీసం ఆరుగురు ప్రతి వారం ఈ మంటతో ఉన్నారన్నమాట.

ఎవరికి ఎక్కువగా వస్తుంది? పొట్ట దగ్గర బరువు పెరిగినవాళ్లకి, సిగరెట్, మద్యం అలవాటున్నవాళ్లకి, గర్భిణులకి, ఒకేసారి ఎక్కువగా, నూనె ఎక్కువగా తినేవాళ్లకి, తిన్న వెంటనే నడుం వాల్చేవాళ్లకి. బీపీకి వాడే కొన్ని మందులు కూడా ఆ వాల్వును వదులు చేయవచ్చు. బరువు సంగతి మన రాష్ట్రాల్లో చిన్నదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం.

మంట రాగానే మనం నిందించేది ఆవకాయని, మిర్చిబజ్జీని. కొందరికి కారం పడకపోవచ్చు, అలాంటివాళ్లు తగ్గించుకోవాల్సిందే. కానీ అదే ఆవకాయ మన తాతలూ తిన్నారు. వాళ్లు దీపాలు పెట్టిన కాసేపటికే భోజనం ముగించి, అరుగు మీద కబుర్లు చెప్పుకుని, ఆ తర్వాత పడుకునేవారు. మనం పదింటికి తిని పదిన్నరకి మంచం ఎక్కుతున్నాం. నిండు కడుపుతో వెల్లకిలా పడుకుంటే యాసిడ్ పైకి రావడం తేలిక. తినడానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

అమ్మల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఇళ్లలో అందరికీ వడ్డించి, చివరికి తినేది అమ్మే. గిన్నెలు సర్ది, స్టవ్ తుడిచి, తెల్లవారుజామున ఐదింటికి లేచి లంచ్ బాక్సులు కట్టాలి కాబట్టి వెంటనే పడుకునేదీ అమ్మే. ఆమెకి కావలసింది ఇంకో మాత్ర కాదు. అందరితో కలిసి కంచం ముందు కూర్చునే అవకాశం, తర్వాత వంటింట్లో ఇంకో రెండు చేతుల సాయం.

మాత్రల గురించి ఒక మాట. యాసిడ్ తగ్గించే మందులు మంచివే, అవసరమైనవాళ్లకి ఎంతో మేలు చేస్తాయి. కానీ డాక్టర్ చీటీ లేకుండా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని, ఏళ్ల తరబడి పరగడుపున వేసుకోవడం అలవాటైపోతోంది. ఎక్కువకాలం వాడినవాళ్లలో బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. ఎంతకాలం వాడాలో డాక్టరే చెప్పాలి. మింగడం కష్టమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తపు వాంతి అయినా, మలం నల్లగా వస్తున్నా ఆలస్యం చేయొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఛాతీలో నొప్పి, బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే 'గ్యాస్ పట్టేసిందిలే' అని సోడా తాగి పడుకోవద్దు. గుండెపోటు కూడా అచ్చం ఇలాగే మొదలుకావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్యాసే అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి వస్తారు. కాకపోతే ప్రాణంతో ఇంటికి వస్తారు.

ఇక మా వంతు. మీ ఇంటి భోజనం వేళని నిర్ణయించేది మీరొక్కరే కాదు, మేము కూడా. స్టడీ అవర్, ట్యూషన్, ఆ తర్వాత హోంవర్క్ అయ్యేసరికి తొమ్మిది దాటితే భోజనం పదికి కాక ఎప్పుడవుతుంది? రేపటి ప్రాజెక్టుకి చార్టు కావాలని రాత్రి ఎనిమిదిన్నరకి గ్రూపులో మెసేజ్ వస్తే, వంట మధ్యలో ఆపి నాన్నగారు షాపుకి పరుగెత్తాల్సిందే. ఈ మాట మన స్కూల్ పత్రికలోనే రాస్తున్నానని కొందరికి వింతగా అనిపించవచ్చు. కానీ పిల్లల టైమ్‌టేబుల్ మారకుండా పెద్దల భోజనం వేళ మారదు. సాయంత్రం ఆరు తర్వాత మర్నాటి పని పంపకూడదని, ఇంట్లో గంటలో పూర్తయ్యేంత హోంవర్కే ఇవ్వాలని నా అభిప్రాయం. మీకూ అలాగే అనిపిస్తే వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఆ మాట అడగండి. మీరు అడిగితే మేనేజ్‌మెంట్ వింటుంది.

అంతవరకు మన చేతిలో ఉన్నది చేద్దాం. వారంలో ఐదు రోజులైనా ఎనిమిదింటికల్లా కంచాలు పెట్టండి. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లు సాయంత్రం ఆరింటికే కొంచెం టిఫిన్ తిని, రాత్రి తేలిగ్గా ముగించండి. తిన్నాక పిల్లలతో పది నిమిషాలు నడవండి. రాత్రిపూట మంట వచ్చేవాళ్లు మంచం తలవైపు కాళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టి, ఎడమవైపు తిరిగి పడుకోండి. దిండు మీద దిండు వేస్తే మెడ వంగుతుంది తప్ప పెద్దగా ఉపయోగం ఉండదు.

పిల్లలు మనం చెప్పేదానికంటే చేసేదే ఎక్కువ నేర్చుకుంటారు. అన్నం తర్వాత మాత్ర వేసుకోవడం చూస్తూ పెరుగుతారో, వేళకి తిని నాలుగడుగులు వేయడం చూస్తూ పెరుగుతారో మన ఇళ్లలోనే తేలుతుంది.