ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. కుండలో అన్నానికి ఆ మాట సరిపోతుంది గానీ, మహానగరంలో గాలికి సరిపోదు. ఏదో ఒక మేడ మీది యంత్రం చూపిన అంకెను ఊరంతటికీ అంటగట్టి "ఈ రోజు గాలి బాగానే ఉంది" అనుకోవడం మన పిల్లల ఆరోగ్యానికి మంచిది కాదని నా అభిప్రాయం. ఇందుకు మన పక్కనే ఉన్న న్యూయార్క్ నగరం చక్కని ఉదాహరణ.

ముందుగా పిల్లల కోసం కొంచెం వివరం. గాలిలో తేలే ధూళి కణాల్లో 2.5 మైక్రాన్లకు మించని వాటిని పి.ఎం. 2.5 అంటారు. అంటే తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు! వీటిని ముక్కూ గొంతూ ఆపలేవు. ఊపిరితిత్తుల లోతుకు పోతాయి, కొన్ని రక్తంలోకి కూడా చేరతాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు, గుండెజబ్బు ఉన్న తాతయ్యలకు, అమ్మమ్మలకు హాని మరీ ఎక్కువ. వీటిని కొలవడం ఎలా? పంపుతో గాలిని లాగి ఫిల్టరు గుండా పంపుతారు. ఫిల్టరును ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూచి, పెరిగిన బరువును లోపలికి లాగిన గాలి పరిమాణంతో భాగిస్తారు. మీరు బడిలో నేర్చుకునే భాగహారమే!

న్యూయార్క్‌లో ఒకప్పుడు ఇలాంటి యంత్రాలు కొద్దిచోట్లే, అదీ ఎక్కువగా మేడల మీద ఉండేవి. మనుషులు నడిచేది వీధుల్లో కదా! అందుకని 2008 డిసెంబరులో నగర ఆరోగ్య శాఖ, క్వీన్స్ కాలేజీ కలిసి సుమారు 150 చోట్ల వీధి స్తంభాలకు పది పన్నెండు అడుగుల ఎత్తున యంత్రాలు కట్టించాయి. ప్రతి ఋతువులోనూ ఒక్కో చోట రెండు వారాల పాటు గాలిని సేకరించారు.

ఏడాదికల్లా లెక్క తేలింది. వాహనాల రద్దీ ఉన్నచోట కణాలు ఎక్కువన్నది ఊహించినదే. కానీ చలికాలంలో ఇళ్ళు వెచ్చగా ఉంచడానికి 4, 6 నంబర్ల చమురు మండించే భవనాలున్న పేటల్లో కూడా కణాలు ఎక్కువని బయటపడింది. 6 నంబరు చమురు తారులా చిక్కగా ఉంటుంది, వేడి చేస్తే తప్ప పారదు. దాదాపు 10,000 భవనాలు ఇలాంటివే వాడేవి. సంపన్నుల పేట అయిన అప్పర్ ఈస్ట్ సైడ్‌లో కూడా!

2011లో నగరం నిబంధన పెట్టింది. 2015 కల్లా 6 నంబరు చమురు వాడకం ఆగింది. 4 నంబరు చమురుకు 2030గా ఉన్న గడువును 2023లో చేసిన చట్టం 2027కు ముందుకు జరిపింది. 2009 తర్వాతి పుష్కర కాలంలో నగరపు గాలిలో పి.ఎం. 2.5 సుమారు 40 శాతం తగ్గింది. ఇదంతా చమురు మార్చడం వల్లనే అనలేము. వాహనాలు, విద్యుత్ కేంద్రాలు మెరుగుపడటం కూడా కారణమే. అయినా ఏ వీధిలో ఎంతో కొలవకపోతే తప్పు ఎక్కడుందో చూపించగలిగేవారు కాదు.

"ఈ ధూళిలో ఎక్కువ భాగం బయటి నుంచే వస్తుంది, వీధి వీధీ కొలవడం డబ్బు దండుగ" అనేవారున్నారు. మొదటి మాట నిజమే. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ ఇక్కడి ఆకాశాన్ని నారింజ రంగుకు మార్చింది. దాన్ని ఏ నగరమూ ఆపలేదు. కానీ తన బాయిలర్లను, తన లారీలను సరిదిద్దుకోగలదు. ఆ భాగం ఎంతో తెలియాలంటే కొలత దగ్గరగా జరగాలి.

హైదరాబాదు సంగతీ చూడండి. అక్కడి అమెరికా కాన్సులేట్ యంత్రం అంకెలను ఇక్కడి నుంచి చూసుకునేవాళ్ళు మనలో ఉండేవారు. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం తన దౌత్య కార్యాలయాల గాలి లెక్కలు ప్రకటించడం మానేసింది. సనత్‌నగర్, జూ పార్కు, బొల్లారం వంటి చోట్ల కాలుష్య నియంత్రణ సంస్థల కేంద్రాలున్నాయి. అయితే బొల్లారం పారిశ్రామిక వాడ అంకె చూసి మరో పేటలో ఉన్న అమ్మమ్మ పీల్చే గాలిని ఎలా చెప్పగలం?

తల్లిదండ్రులకు నా మనవి ఇది. మన బడి పక్క రోడ్డు మీద, మన పిల్లలు ఆడుకునే మైదానంలో గాలిని కొలవమని స్థానిక అధికారులను అడుగుదాం. పన్ను కడుతున్నాం, అడిగే హక్కు మనకుంది. చిన్న సెన్సర్లు ఇప్పుడు ఇంట్లో కూడా పెట్టుకోవచ్చు. తేమ ఎక్కువైతే అవి ఎక్కువ చూపిస్తాయి కాబట్టి దగ్గరి అధికారిక కేంద్రం అంకెతో పోల్చుకోవాలి. పిల్లలూ, మీరు రోజూ ఆ అంకెలు ఒక పుస్తకంలో రాయండి. ఏ రోజు ఎందుకు పెరిగిందో ఆదివారం తరగతిలో తెలుగులో చెప్పండి. ఒక ఏడాది లెక్క చేతిలో ఉంటే టౌన్ కౌన్సిల్ ముందు మన మాటకు బలం ఉంటుంది.