సినిమా డిస్కు కొన్నవారా, ఆగినవారా? లాభపడిందెవరు?

(మా విలేకరి)

ఇంట్లో సినిమా చూసుకునే కొత్త యంత్రం బజారులోకి వచ్చినప్పుడల్లా పల్లెల్లో ఒకటే తర్జనభర్జన. ఇప్పుడే కొనాలా, ఇంకా మెరుగైనది వచ్చేదాకా ఆగాలా? హెచ్.డి. డిస్కుల కథ తెలుసుకుంటే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

2006లో రెండు రకాల హెచ్.డి. డిస్కులు పోటాపోటీగా వచ్చాయి. తోషిబా పక్షానిది హెచ్.డి.-డి.వి.డి.; సోనీ పక్షానిది బ్లూరే. మామూలు డి.వి.డి.లో ఒక పొరకు 4.7 జి.బి. పడితే, మొదటిదానిలో 15, రెండవదానిలో 25 జి.బి. పడుతుంది. బొమ్మ అద్దంలా కనబడుతుంది. అయితే ఒకరి డిస్కు మరొకరి యంత్రంలో ఆడదు. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ చిత్ర సంస్థ ఇకపై బ్లూరేకే పరిమితమని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా పోటీ నుంచి తప్పుకుంది. ఆ యంత్రాలు కొన్న విదేశీ వినియోగదారుల గతి ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్లయింది.

అప్పట్లో మన ఊళ్ళలో ఎక్కువగా వున్నవి పిక్చర్ ట్యూబు టీవీలే. వాటికి ఏ హెచ్.డి. డిస్కు పెట్టినా ఒరిగేదేమీ లేదు. మనవారు ముందుచూపుతో ఆగలేదు, స్తోమతు లేక ఆగారు. అయినా నష్టపోలేదు.

గెలిచిన బ్లూరేకూ సుఖం దక్కలేదు. 2007లోనే అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ, కోరిన సినిమాను కోరిన వేళ ఇంటర్నెట్ ద్వారా చూపించసాగింది. 2016లో అది మన దేశానికి వచ్చింది. అదే ఏడాది జియో రాకతో డేటా చవకయింది. 2020లో తెలుగు చిత్రాల కోసమే 'ఆహా' వెలసింది.

అంతమాత్రాన ఆగినవారిదే పూర్తి గెలుపు కాదు. హెచ్.డి. సినిమాకు గంటకు 3 జి.బి. వరకు ఖర్చవుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతున్నది. రోజుకు 1.5 జి.బి. ప్యాకు వేయించుకున్న ఇంట్లో పెద్ద టీవీకి ఆ నాణ్యతతో పెడితే, అరగంటకే డేటా ఖాళీ. పైగా చందా కట్టినన్నాళ్ళే సినిమా. హక్కుల గడువు తీరితే, చందా కడుతున్నా ఆ సినిమా కనబడకుండా పోవచ్చు. ఇది కౌలు పొలం వంటిది. డిస్కు సొంత చెక్క. సిగ్నలు లేకపోయినా ఆడుతుంది. కాని ఆడించే యంత్రం బాగుండాలి.

కనుక ఒకసారి చూసి వదిలేసే సినిమాకు నెట్టు చాలు. పదేపదే చూసుకునే నాలుగు చిత్రాలకైతే డిస్కు దండగ కాదు. బ్లూరే యంత్రంలో పాత డి.వి.డి.లు కూడా ఆడతాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి వున్నది. పోయిన సినిమా మళ్ళీ ఎక్కడో దొరుకుతుంది. బీరువాలోని పెళ్ళి డిస్కు పాడైతే అది ఏ కంపెనీ దగ్గరా దొరకదు. అందులో నేడు మన మధ్య లేని పెద్దలు నడుస్తూ, నవ్వుతూ కనబడతారు. డిస్కు ఆడే యంత్రాలు అరుదు కాకముందే దానిని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఇంకో నకలు బంధువుల ఇంట వుంచుకోవడం మంచిది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆగితే నష్టమే.