మంత్రగత్తెల పటములు

విక్టోరియా రాణి కాలపు ఆంగ్లచిత్రకారులు మంత్రగత్తెలను చిత్రించి స్త్రీశక్తిని గౌరవించిరని కొందరు రసికులు వాదింతురు. వారి కుంచెల నేర్పును మేమును మెచ్చుదుము. ఈ వాదమును మాత్రము అంగీకరింపజాలము.

వాటర్‌హౌసు 1891లో చిత్రించిన సర్సీని చూడుడు. సింహాసనమున గూర్చుండి, మనుష్యులను పందులుగా మార్చు పానపాత్రను ఎత్తి చూపుచున్నది. వీరుడైన యులిసీసు ఆమె వెనుకనున్న అద్దమున చిన్న ప్రతిబింబముగా నున్నాడు. శాండీసు చిత్రించిన మీడియా విషము కూర్చుచున్నది. బర్న్‌జోన్సు పటమున నిమ్యుయె, మెర్లిను మంత్రముతోనే ఆ వృద్ధుని బంధించుచున్నది. పాత్ర పట్టిన స్త్రీ విషదాత్రి, పొత్తము పట్టిన స్త్రీ గురుద్రోహి! ఇదియా గౌరవము?

ఇక పటము వెలుపలి స్త్రీ గతి యేమి? 1882 నాటి చట్టము వచ్చువరకు ఇంగ్లండులో వివాహితకు తన యాస్తిపై పూర్ణస్వామ్యము లేదు. 1768లో రాయల్ అకాడమీ స్థాపకులలో ఇద్దరు స్త్రీలుండిరి. అటుపిమ్మట 1922 వరకు ఆ సభవారు ఒక్క స్త్రీనైనను ఎన్నుకొనలేదు. యుద్ధచిత్రములచే పేరుగాంచిన ఎలిజబెత్ థాంప్సను 1879లో స్వల్పభేదముతో ఓడిపోయెను. ఆ సభవారే 1886లో వాటర్‌హౌసు గీసిన 'మంత్రవలయము' అను పటమును చాంట్రీ నిధితో జాతికొరకు కొనిరి. కఱ్ఱతో నేలపై వలయము గీయు స్త్రీ వారికి ముద్దు. కుంచెతో పటము గీయు స్త్రీ మాత్రము సభకు తగదు!

ఎవెలిన్ డి మోర్గన్ అను చిత్రకారిణి 1903లో గీసిన మంత్రగత్తెను వీరితో పోల్చుడు. ఆమె వెనుక పుస్తకములు వరుసదీరి యున్నవి. శక్తికి చదువే మూలమని ఆ పటము పలుకుచున్నది.

అధికారము నిరాకరించి మంత్రదండము చేతికిచ్చువారిని స్త్రీశక్తి పూజకులని మేమనము. ఆ శక్తికి వెఱచినవారందుము.