నదికి ఒక్క అంకె చాలదు

నది బాగుందా, లేదా? సామాన్యుడి ప్రశ్న ఇంతే. ప్రయోగశాల మాత్రం పీహెచ్, కరిగిన ఆక్సిజన్, నైట్రేట్ అంటూ ఓ పట్టిక చేతికిస్తుంది. ఈ చిక్కును తీర్చడానికే నీటి నాణ్యతా సూచిక పుట్టింది. 1965లో అమెరికాకు చెందిన హార్టన్ తొలి రూపమిచ్చారు. 1970లో బ్రౌన్ బృందం తొమ్మిది పరీక్షల ఫలితాలను 0 నుంచి 100 లోపు ఒకే అంకెగా మార్చే పద్ధతిని తయారుచేసింది. మన దేశంలోని చాలా అధ్యయనాలు నేటికీ దాన్నో, దాని మార్పులనో వాడుతున్నాయి.

ఈ పద్ధతిలో ఒక్కో పరీక్షకు ఒక్కో బరువు ఉంటుంది. కరిగిన ఆక్సిజన్‌కు 0.17, మలసంబంధ కోలిఫాం బ్యాక్టీరియాకు 0.16, మిగతా ఏడింటికి ఇంకా తక్కువ. ఒక లెక్క వేద్దాం. ఒక నదికి ఎనిమిది పరీక్షల్లో 90 చొప్పున మార్కులు వచ్చాయి. మురుగు కలవడం వల్ల కోలిఫాంలో మాత్రం 5 వచ్చాయి. బరువులతో గుణించి కూడితే మొత్తం 76.4. 71 దాటింది కాబట్టి నీరు ‘మంచిది’ అని తేలుతుంది! అవే మార్కులకు కూడిక బదులు గుణోత్తర సగటు తీస్తే సుమారు 57 వచ్చి ‘మధ్యస్థం’ అవుతుంది. నీళ్లు అవే, మారింది లెక్క ఒక్కటే. బడి పరీక్షల్లో ఒక్క సబ్జెక్టు పోయినా పిల్లవాణ్ని పాస్ చేయం. నది విషయంలో అంత ఉదారత ఎందుకు?

నమూనా తీసిన వేళ కూడా ముఖ్యమే. ఎరువులు, మురుగు చేరిన నీటిలో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు కిరణజన్య సంయోగక్రియతో అది ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రంతా శ్వాసక్రియకు అదే ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. మధ్యాహ్నం కొలిస్తే నది ఆరోగ్యంగా కనిపిస్తుంది. చేపలకు ఊపిరాడనిది తెల్లవారుజామున.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. 2022 నివేదికలో అవి 311కి తగ్గాయి. సంతోషమే. కానీ ఈ జాబితాకు కొలబద్ద ప్రధానంగా ఒక్కటే: సేంద్రియ మలినాన్ని తెలిపే బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది. జాబితాలోంచి బయటపడిన నది ఆరోగ్యంగా ఉందని దీని అర్థం కాదు.

పటాన్‌చెరు సంగతే చూడండి. ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం బయటికి వదిలిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. ఆ నీరు వాగుల మీదుగా చేరేది మంజీరలోకే. తొమ్మిది పరీక్షల సూచికలో యాంటీబయాటిక్‌కు గడే లేదు. పైగా బీఓడీ పరీక్ష చేసేది బ్యాక్టీరియానే. నీటిలోని విషం వాటిని చంపేస్తే బీఓడీ తక్కువగా నమోదయ్యే ప్రమాదమూ ఉంది.

అందుకే నదిలో బతికే ప్రాణులను అడగాలి. మేఫ్లై వంటి కీటకాల పిల్లపురుగులు రాళ్లను అంటిపెట్టుకుని నెలల తరబడి నీటిలోనే ఉంటాయి. మురుగు పెరిగితే అవి మాయమై, తక్కువ ఆక్సిజన్‌కు ఓర్చుకునే ఎర్రటి పురుగులు మిగులుతాయి. నీటి నమూనా ఆ క్షణం గురించే చెబుతుంది. ఈ ప్రాణులు గడిచిన నెలల కథ చెబుతాయి. ఐరోపా సమాఖ్య 2000 నాటి తన జల చట్టంలో నది స్థితిని నిర్ణయించడంలో జీవజాతులకే పెద్దపీట వేసింది. వాటిలో అన్నిటికన్నా అధ్వానంగా ఉన్న అంశమే నది స్థాయిని తేలుస్తుంది. మన మండలి దగ్గరా అడుగునుండే జీవుల ఆధారంగా రూపొందించిన జీవ ప్రమాణాలున్నాయి. కాగితం మీద ఉన్నవాటిని క్రమం తప్పకుండా వాడటమే కావాలి.

సూచికను పారేయమని కాదు నా వాదన. ప్రజలకు సులువుగా అర్థమయ్యే అంకె అవసరమే. అయితే దాని పక్కనే మూడు విషయాలు ప్రకటించాలి: అతి తక్కువ మార్కు ఏ పరీక్షలో వచ్చింది, నమూనా ఏ వేళ తీశారు, నీటిలో ఏ జీవులు కనిపించాయి. పారిశ్రామిక వాడల దిగువన మందుల అవశేషాలనూ కొలవాలి. ‘మంచిది’ అన్న మాట నమ్మి నీటిలో దిగేవాళ్లకు, చేపలు పట్టేవాళ్లకు, పొలాలకు తోడుకునేవాళ్లకు ఆ మాట వెనక ఏముందో తెలుసుకునే హక్కుంది.