కిడ్నీ పోయాక మిషన్ కాదు, పోకముందే పరీక్ష కావాలి

ఏజెన్సీలో ఈ మాట మీరూ వినే ఉంటారు: "జ్వరమని ఆసుపత్రిలో చేర్చాం, నాలుగు రోజులకే కిడ్నీలు పోయాయన్నారు." ఊరంతా ఆ సూదినే తిట్టుకుంటుంది. కొందరు ఇక ఆసుపత్రి గడపే తొక్కరు. కానీ ఆ కిడ్నీలు నిజంగా నాలుగు రోజుల్లోనే పోయాయా?

షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీ ఏళ్ల తరబడి లోలోపలే దెబ్బతింటుంది. మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. అలాంటి మనిషికి మలేరియానో విరేచనాలో వస్తాయి. ఒంట్లో నీరు తగ్గుతుంది. ఒళ్లు నొప్పులకని ఊళ్లో డాక్టరు డైక్లోఫెనాక్ సూది వేస్తాడు. ఆసుపత్రిలో జెంటామైసిన్ లాంటి మందులు, సీటీ స్కాన్‌కి ఎక్కించే డై తోడైతే ఉన్న కాస్త కిడ్నీ కూడా చేతులెత్తేస్తుంది. అవసరమైన మందు వాడాల్సిందే. కానీ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసి వాడాలి.

"మనోళ్లకి షుగరేంటి, అది పట్నపోళ్ల జబ్బు" అనుకునే రోజులు పోయాయి. చోడి, సామ, కొర్ర తగ్గి మూడు పూటలా రేషన్ బియ్యమే అయింది. షుగరుందని ఆసుపత్రిలో చేరాకే తెలిసేవాళ్లు మన ఊళ్లలో లేరా?

2016లో కేంద్రం డయాలసిస్ పథకం తెచ్చింది. జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితం. మంచిదే. కానీ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. డోలీ మోస్తే తప్ప రోడ్డెక్కని ఊరి మనిషి ఎన్ని వారాలు వెళ్లగలడు? అందుకే మన డిమాండ్ అంతకన్నా ముందు మొదలవ్వాలి. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ షుగర్, బీపీ చూడాలని ప్రభుత్వమే చెబుతోంది. ఆ పరీక్ష సంత రోజు సంతలోనే జరగాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఏటా మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పీహెచ్‌సీలోనే చూడాలి. క్రియాటినిన్ పెరగకముందే అల్బుమిన్ జాడ చెబుతుంది.

ఈలోగా మీరు చేయగలిగిందీ ఉంది. ఇంట్లో పెద్దోళ్లను ఆసుపత్రిలో చేర్చినప్పుడు షుగర్ ఉందని, ఏ బిళ్లలు మింగుతున్నారో, ఏ సూదులు వేయించారో ముందే చెప్పండి. పాత కాగితాలు పట్టుకెళ్లండి. "క్రియాటినిన్ ఎంత ఉంది సార్?" అని చేరిన రోజే అడగండి, మధ్యలో మళ్లీ అడగండి. మూత్రం తగ్గితే వెంటనే నర్సుకు చెప్పండి. టైముకి పట్టుకుంటే ఇలా దెబ్బతిన్న కిడ్నీ చాలామందిలో కోలుకుంటుంది.

అడగడానికి భయపడొద్దు. అడవి కోసం, భూమి కోసం అడిగినోళ్లం. మన ఒంటి కోసం అడగలేమా?