గట్టిపడిన పాదరసంలో ఏముంది?

మైలాపూరు కపాలీశ్వరుడి గుడి చుట్టుపక్కల పూజాసామగ్రి దుకాణాల్లో రుద్రాక్షల పక్కన వెండి రంగు పూసలు, బొటనవేలంత లింగాలు అమ్ముతారు. తమిళంలో రసమణి అంటారు. చెన్నైలోని మన తెలుగువాళ్ళ పూజగదుల్లోకీ ఇవి ఎప్పుడో వచ్చేశాయి. చేతిలో నిలవకుండా జారిపోయే పాదరసాన్ని సిద్ధులు మూలికల పసరుతో, మంత్రబలంతో కట్టి గట్టిపరిచారట. మెడలో వేసుకుంటే దృష్టి తగలదట. రాత్రి పాలలో వేసి ఉంచి పొద్దున్నే ఆ పాలు తాగితే చక్కెర జబ్బు తగ్గుతుందట, పిల్లలు లేనివాళ్ళకు పిల్లలు పుడతారట.

పూస గట్టిగా ఉన్న మాట నిజం. అందులో పాదరసం ఉన్న మాటా సాధారణంగా నిజమే. పాదరసం ఘనపదార్థంగా మారిపోయిందన్నదే అబద్ధం. వ్యాపారమంతా ఆ ఒక్క అబద్ధం మీద నడుస్తోంది కాబట్టి దాన్ని నిదానంగా విప్పి చూడాలి.

శుద్ధమైన పదార్థం ఏదైనా మామూలు వాయుపీడనం దగ్గర తనకంటూ ఉన్న ఒక ఉష్ణోగ్రత వద్దే కరుగుతుంది, అక్కడే గడ్డకడుతుంది. నీటికి అది 0 డిగ్రీలు. పాదరసానికి మైనస్ 38.8 డిగ్రీల సెల్సియస్. 1759 చలికాలంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జోసెఫ్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త మంచులో ఆమ్లం కలిపి విపరీతమైన చలి పుట్టించి, థర్మామీటరులోని పాదరసాన్ని గడ్డకట్టించాడు. గాజు పగలగొట్టి ఆ గడ్డను సుత్తితో కొడితే మామూలు లోహంలాగే సాగింది. అలాంటి గడ్డను వేళ్ళతో పట్టుకుంటే చాలు, కరిగిపోతుంది. మే నెల చెన్నై ఎండలో, చెమట పట్టిన మెడ మీద వేలాడుతూ కూడా కరగని పూస శుద్ధ పాదరసం కానే కాదు. ఏ పసరు పోసినా ఏ మంత్రం చదివినా ఆ అంకె మారదు.

మరి పూస ఎలా తయారవుతోంది? ఒక పాత పద్ధతి ఇది. ఇనుప మూకుడులో పాదరసం పోస్తారు. మైలుతుత్తం పొడి, ఉప్పు, నిమ్మరసమో పుల్లటి ఆకుపసరో, కాసిని నీళ్ళు చేర్చి చాలాసేపు నూరతారు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. ఇనుము తగిలేసరికి అందులోని రాగి లోహంగా బయటపడుతుంది, దాని బదులు కొంత ఇనుము ద్రావణంలోకి పోతుంది. అలా పుట్టిన సన్నటి రాగిని పాదరసం తనలోకి లాక్కుంటుంది. నీలి రంగు తేలిపోయి, మూకుడు అడుగున బూడిదరంగు మెత్తటి ముద్ద మిగులుతుంది. దాన్ని కడిగి, గుడ్డలో వేసి గట్టిగా పిండితే కలవకుండా మిగిలిన పాదరసం బొట్లుబొట్లుగా కారిపోతుంది. లోపలున్నదాన్ని ఉండ చేసి పక్కన పెడితే క్రమంగా బిగుసుకుంటుంది. మంత్రం చదివినా బిగుస్తుంది, చదవకపోయినా బిగుస్తుంది. పసరు చేసే పనల్లా తన పులుపుతో లోహాల మీది మకిలి వదిలించడం.

రసాయనశాస్త్రంలో దీని పేరు అమాల్గం. పాదరసంతో ఇంకో లోహం కలిసిన మిశ్రమం అన్నమాట. రాగి బదులు వెండి, తగరం కూడా వాడవచ్చు. ఇక్కడ జరిగింది స్థితి మారడం కాదు, రెండు కలవడం. గోధుమపిండిలో నీళ్ళు పోసి కలిపితే ముద్ద కడుతుంది. నీళ్ళు గడ్డకట్టాయని ఎవరూ అనుకోరు కదా. పుచ్చిన పళ్ళలో వెండి, తగరం పొడిని పాదరసంతో కలిపి నింపడం పందొమ్మిదో శతాబ్దం నుంచీ పళ్ళ డాక్టర్లు చేస్తున్న పనే. మెత్తగా పెట్టింది నోట్లోనే గట్టిపడుతుంది.

అనుమానం ఉన్నవాళ్ళు బరువు తూచి చూసుకోవచ్చు. పాదరసం నీటికన్నా 13.5 రెట్లు బరువు. గడ్డకడితే 14 రెట్లు దాటుతుంది. రాగి 9 రెట్లకు కాస్త తక్కువ, తగరం 7.3 రెట్లు. 27 గ్రాముల పూసను కొలత గీతలున్న సన్నటి గాజు గొట్టంలో నీళ్ళు పోసి అందులో వేస్తే, అది శుద్ధ పాదరసమే అయితే నీటిమట్టం 2 మిల్లీలీటర్లకు మించి లేవకూడదు. లేచిందంటే వేరే లోహం ఉన్నట్టే.

మా బంధువుల్లో ఒక పెద్దాయన ఇదంతా ఓపిగ్గా విని, "అయితే మన పూర్వులకేమీ తెలియదంటావా అబ్బాయ్?" అని అడిగారు. అలా అనను. ఇంగిలీకం నుంచి పాదరసం తీయడం, దాన్ని గంధకంతో నూరి కజ్జలి చేయడం, ఏ పాత్రలో ఏ లవణం వేస్తే ముద్ద కడుతుందో కనిపెట్టడం చిన్న సంగతులు కావు. వాళ్ళ చేతిపని నిజం, చెప్పిన కారణం తప్పు. చేతిపనిని గౌరవించి కారణాన్ని వదిలేయాలి. నాకు కోపం తెప్పించేది అమ్మకందార్లు సరిగ్గా తిరగేసి చేయడం. వాళ్ళు పద్ధతిని దాచిపెట్టి కారణాన్ని అమ్ముతున్నారు.

తమిళనాడులో ఇలాంటిది ఇంకోటీ చూశాం. 1996లో రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు చేస్తానని ప్రకటిస్తే దేశమంతా ఆశగా చూసింది. తర్వాత ఆ ఇంధనాన్ని అమ్మారు కూడా. అది పెట్రోలియం సరుకులు కలిపిన మిశ్రమమేనని సీబీఐ కేసు పెట్టింది. 2016 అక్టోబరులో చెన్నై కోర్టు ఆయనకు మూడేళ్ళ జైలుశిక్ష వేసింది. కలిపినదాన్ని మారినదిగా చూపించడమే అక్కడా జరిగింది.

రసమణితో నష్టం డబ్బుతో ఆగదు. మింగిన లోహ పాదరసాన్ని పేగులు దాదాపు పీల్చుకోవు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆవిరి సంగతి వేరు. పీల్చినదాంట్లో 80 శాతం దాకా రక్తంలో కలుస్తుంది. మెదడుకూ మూత్రపిండాలకూ, గర్భిణి అయితే కడుపులోని బిడ్డకూ చేరుతుంది. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది కానీ, ఆవిరి కావడానికి మరగక్కర్లేదు. 25 డిగ్రీల గదిలో విడి పాదరసం నుంచి గాలిలోకి ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా చేరగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుకు పెట్టిన హద్దు 1 మైక్రోగ్రాము. రాగితో బిగిసిన పూస అంత వదలదు, కానీ వేడి తగిలేకొద్దీ వదిలేది పెరుగుతుంది. మన పూజగదికి చాలాసార్లు కిటికీ ఉండదు. లింగానికి ఆనుకునే దీపం, దాని మీదుగా కర్పూర హారతి. ఆ ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. బిడ్డ కోసం పూస కొన్న ఆడపడుచే ఆ గదిలో అందరికన్నా ఎక్కువసేపు కూర్చుంటుంది.

చక్కెర జబ్బు, సంతానలేమి తగ్గిస్తామంటూ మహిమల వస్తువులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ చట్టం కింద ఫిర్యాదు చేయడానికి మనం మొహమాటపడకూడదు.

ఇంట్లో ఇప్పటికే పూస ఉంటే మూత బిగుతుగా పట్టే గాజుసీసాలో వేసి, దీపానికీ పిల్లలకూ దూరంగా ఉంచండి. కరుగుతుందేమోనని పొయ్యి మీద పెట్టి చూడవద్దు. చెత్తబుట్టలోనో కాలువలోనో పారేయవద్దు. బురదలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారిస్తే అది చేపల్లోకి ఎక్కి తిరిగి మన కంచంలోకే వస్తుంది. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట సీసాతో సహా అప్పగించండి.