శివారు నీరు

కాలువ కింద భూమి వున్నదనగానే సంబరపడిపోకూడదు. మొదట్లో వున్నదా, శివారున వున్నదా అని రెండో ప్రశ్న కూడా వేయాలి. శ్రీకాకుళం జిల్లాలో యీ రెండో ప్రశ్నకే విలువ ఎక్కువ.

వంశధార ఎడమ కాలువ గొట్టా బారేజి దగ్గర పుట్టి నూరు కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. తల హిరమండలంలో వుంటే తోక టెక్కలి, సంతబొమ్మాళి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు వుంది. పైవాళ్లు నాట్లు ముగించి చేతులు కడుక్కునే వేళకు, కిందివాడు ఎండుతున్న ఆకుమడినీ ఎండిన ఆకాశాన్నీ మార్చి మార్చి చూస్తూ వుంటాడు. ఏటా వినే మాటే గనక ఎవరికీ ఆశ్చర్యం వెయ్యదు. వ్యవసాయ పనులు లేక యిక్కడివాళ్లు పూర్వం రంగూన్ వెళ్లేవారు. యిప్పుడు హైదరాబాదు, చెన్నపట్నం వెళుతున్నారు. టిక్కెట్టు ధర మారింది గాని ప్రయాణ కారణం పెద్దగా మారలేదు.

నీళ్లు లేక కాదు. వంశధార ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం ముప్పాతిక వంతు ఒడిశాలోనే వున్నది. 1962 సెప్టెంబరు 30న రెండు రాష్ట్రాలూ కూర్చుని, గొట్టా దగ్గర లభించే 115 టి.ఎం.సి.లను చెరిసగం పంచుకున్నాయి. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. అన్నదమ్ముల వాటాల్లో కూడా యింత సులభంగా తెగిన పంపకం అరుదు. తొలి లోక్‌సభ నుంచీ ఢిల్లీలో శ్రీకాకుళం మాట వినిపించిన బొడ్డేపల్లి రాజగోపాలరావుగారి పేరే తరవాత యీ ప్రాజెక్టుకు పెట్టారు.

పంపకం అయింది గాని, వాటా చేతికి రావడం వేరే సంగతి. రెండో దశ పనులకు 2005లో శంకుస్థాపన జరిగింది. కాట్రగడ దగ్గర పక్కగోడ కట్టి, జూన్ నుంచి నవంబరు దాకా వరదనీటిని కాలువలోకి మళ్లించి, హిరమండలంలో 19 టి.ఎం.సి.ల జలాశయం నింపాలని ఆలోచన. 2006లో ఒడిశా అభ్యంతరం చెప్పింది. 2010లో ట్రిబ్యునల్ వచ్చింది. 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చి, నేరడి దగ్గర ఆనకట్ట కట్టుకోవచ్చునన్నది. అయితే దానికి ఒడిశా వైపున 106 ఎకరాలు కావాలి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 నవంబరులో ఆంధ్ర ముఖ్యమంత్రి భువనేశ్వరం వెళ్లి ఒడిశా ముఖ్యమంత్రితో మాట్లాడారు. మంచిపనే. కాని పొరుగింటి గట్టు తగువు ఒక్కసారి కాఫీ తాగితే తీరుతుందా? ఒకే పార్టీ వున్నా వేరే పార్టీ వున్నా, ఏడాదికి నాలుగుసార్లు భువనేశ్వరం వెళ్లివచ్చే ఓపిక మన జిల్లా నాయకులకు వుండాలి. సభలో గర్జించినంత ఖ్యాతి అందులో రాదు, అదే చిక్కు. నేరడి కదలకపోవడంతో, గొట్టా నుంచి పంపులతో జలాశయంలోకి నీరు ఎత్తిపోసే పథకం ఒకటి 2022లో మంజూరు చేసుకోవలసి వచ్చింది. నది దానంతట అది చేసిపెట్టే పనికి కరెంటు బిల్లు కట్టడమన్నమాట.

ఆ జలాశయం కింద వూళ్లు పోయాయి. పాడలి, ఇరపాడు, తులగాం వంటి గ్రామాల్లో వేలాది కుటుంబాలు యిళ్లూ, పొలాలూ, చెరువు గట్టూ, చింతచెట్టు నీడా వదిలి కాలనీల్లోకి వెళ్లాయి. నష్టపరిహారం తగవులు ఏళ్ల తరబడి నడిచాయి. ఆ నీటిని వాడుకునే ప్రతివాడికీ యీ సంగతి తెలిసి వుండాలి.

ఎందుకంటే ఆ నీరు యిప్పుడు పొలానికే కాదు, బిందెలోకీ వస్తున్నది. ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు కొబ్బరితోటల సీమలో, మూత్రపిండాల జబ్బు యింటింటి మాట అయిపోయింది. కారణం యిదీ అని శాస్త్రజ్ఞులు యింకా తేల్చలేదు. భూగర్భజలం మీద అనుమానం వుంది గాని రుజువు కాలేదు. కనుక యీ మంచినీటితో జబ్బు మాయమవుతుందని ఎవరైనా వేదిక ఎక్కి చెబితే నమ్మకండి. శుభ్రమైన నీరు తాగడానికి జబ్బు నెపం అక్కర్లేదు. హిరమండలం నుంచి గొట్టాల ద్వారా పలాస, ఇచ్ఛాపురం ప్రాంతంలోని 807 గ్రామాలకు నీరందించే పథకం దాదాపు 700 కోట్ల రూపాయలతో తయారై, 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి కూడా ఆనాడే తెరిచారు.

గొట్టానికీ శివారు వుంటుంది. కాలువ చివర నీరందకపోతే పంట పోతుంది. గొట్టం చివర కుళాయి ఆగితే ఆ యింటి యిల్లాలు మాట్లాడకుండా మళ్లీ బోరింగు దగ్గరకు వెళుతుంది. ఆ సంగతి ఏ దస్త్రంలోకీ ఎక్కదు.

నాగావళి మీద తోటపల్లిలోనూ కథ వేరు కాదు. 1908 నాటి రెగ్యులేటరు వున్న చోట కొత్త బారేజి కట్టి, 2015లో గౌతు లచ్చన్నగారి పేర జాతికి అంకితం చేశారు. విజయనగరం జిల్లాకు పోయే గజపతినగరం కొమ్మకాలువ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అసంపూర్తిగా మిగిలింది. శిలాఫలకం ఎప్పుడూ తల దగ్గరే వుంటుంది. శివారున పాతిన శిలాఫలకం నేనింతవరకు చూడలేదు.

మూలపేట రేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే పరిశ్రమలొస్తాయి, కుర్రాళ్లకు ఉద్యోగాలొస్తాయి అంటున్నారు. రావాలి. కాని ఆ మూలపేట వున్న సంతబొమ్మాళి మండలంలోనే ఎడమ కాలువ శివారు పొలాలున్నాయి. ఓడను పిలుస్తున్నవారు అదే మండలానికి కాలువనీరు తీసుకురాలేరా?

దీనికి ముఖ్యమంత్రి దాకా పోనక్కర్లేదు. 1997 నాటి చట్టం ప్రకారం నీటి వినియోగదారుల సంఘాలున్నాయి. చాలా విరామం తర్వాత 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగాయి. లష్కర్లు చాలినంతమంది వున్నారా, పై తూములు వంతులవారీగా మూస్తున్నారా, మధ్యలో మోటార్లు పెట్టి తోడుకునే పెద్దమనుషుల్ని అడిగేవారెవరు? యీ సంఘాలు చూడవలసిన పనులివి. బావమరిది పొలానికి నీరు ఆపి ముక్కూముఖం తెలియని శివారు రైతుకు వదలగల అధ్యక్షుడికి మంత్రిని మించిన గుండెధైర్యం కావాలి.

ఎడమ కాలువ చివరి తూములో ఆ ఏడు నీరు ఏ తేదీన దిగింది, ఎన్ని రోజులు నిలిచింది? యీ రెండు అంకెలూ పంచాయతీ గోడమీద రాయించమని అడగడానికి ఎవరికీ కానీ ఖర్చులేదు. పక్కనే కుళాయి ఎన్ని రోజులు ఆగిందో కూడా రాయిస్తే మరీ మంచిది.